నోటి ద్వారా ఇచ్చే బ్యాక్టీరియా టీకాలు, చిట్టెలుకల్లో సహజ రోగనిరోధక గ్రాహకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"నోటి ద్వారా ఇచ్చిన బ్యాక్టీరియా టీకా చిట్టెలుకల్లో టీఎల్ఆర్ గ్రాహకాలను పెంచింది" అన్న తరహా వాక్యం పరిశోధన పత్రాల సారాంశాల్లో తరచుగా కనిపిస్తుంది. టీఎల్ఆర్ అంటే టోల్-లైక్ రిసెప్టర్, క్రిముల ఉనికిని పసిగట్టే గ్రాహకం. ఆ వాక్యం చదవగానే మంచి వార్తలా ఉంటుంది. కానీ ఆ "పెంచింది" అన్న మాటకు నాలుగైదు అర్థాలున్నాయి. వాటిలో ఒకటి రెండు అసలు మంచి వార్తలే కావు. జీవశాస్త్ర విద్యార్థులు, ఈ విషయం గురించి ఎక్కడో చదివి ఆసక్తి పెంచుకున్నవారు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

నోటి ద్వారా ఇచ్చే బ్యాక్టీరియా టీకా అంటే ఏమిటి? అన్నీ ఒకటేనా?

కావు. మూడు రకాలను ఒకే పేరుతో పిలవడం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

మొదటిది, బతికి ఉన్నా బలహీనపరచిన బ్యాక్టీరియా. టైఫాయిడ్‌కు వాడే టీవై21ఏ ఇందుకు ఉదాహరణ. 1970లలో స్విట్జర్లాండ్‌లో తయారైంది. గ్యాలెక్టోజ్‌ను వాడుకునే ఒక జన్యువు చెడిపోవడం వల్ల అది పేగులో కొద్దికాలం బతికి, జబ్బు కలిగించకుండా చచ్చిపోతుంది. రెండోది, చంపిన పూర్తి బ్యాక్టీరియా. కలరా చుక్కల మందు ఈ కోవలోనిది. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన షాన్‌కాల్‌కు 2009లో మన దేశంలో అనుమతి వచ్చింది, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. దాని తయారీ ఆగిపోయాక అదే నగరం నుంచి భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను తెచ్చింది.

మూడోది, బ్యాక్టీరియాను ముక్కలు చేసి ఎండబెట్టిన పొడి. ఐరోపాలో పిల్లలకు మాటిమాటికీ వచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకు వాడే ఓఎం-85లో 21 రకాల బ్యాక్టీరియా ముక్కలుంటాయి. మాస్కోలోని మెచ్నికోవ్ సంస్థ రూపొందించిన ఇమ్యునోవాక్ వీపీ-4లో నాలుగు బ్యాక్టీరియాల ప్రతిజనకాలు (రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే భాగాలు) ఉంటాయి: స్టఫైలోకాకస్, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఈ.కోలై. ఖచ్చితంగా మాట్లాడితే ఈ మూడో రకాన్ని టీకా అనకూడదని కొందరంటారు. నాకూ కొంతవరకు అదే అభిప్రాయం. ఇవి ఒక ప్రత్యేక శత్రువును గుర్తుపెట్టుకోమని చెప్పవు, ఒంటిని మొత్తంగా అప్రమత్తం చేస్తాయి. సహజ గ్రాహకాల పాత్ర ఎక్కువగా చర్చకు వచ్చేది వీటి విషయంలోనే.

సహజ రోగనిరోధక గ్రాహకాలు ఏం చేస్తాయి?

ఊరి కావలివాడికి దొంగ పేరు తెలియదు. అర్ధరాత్రి గోడ దూకేవాడు ఇంటివాడు కాడని మాత్రం తెలుసు. గ్రాహకాల పని అలాంటిదే. బ్యాక్టీరియా తన వేషం ఎంత మార్చినా వదులుకోలేని భాగాలు కొన్ని ఉంటాయి, వాటినే ఇవి పట్టుకుంటాయి. టీఎల్ఆర్4 గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా (ఈ.కోలై, సాల్మొనెల్లా లాంటివి) పైపొరలోని ఎండోటాక్సిన్ అనే విష పదార్థాన్ని గుర్తిస్తుంది. టీఎల్ఆర్2 మరో గ్రాహకంతో జతకట్టి లైపోప్రోటీన్లను పట్టుకుంటుంది. టీఎల్ఆర్5 బ్యాక్టీరియా ఈదడానికి వాడే కశాభంలోని ఫ్లాజెల్లిన్‌ను, టీఎల్ఆర్9 కణం లోపల బ్యాక్టీరియా డీఎన్ఏను పసిగడతాయి. కణద్రవంలో నాడ్1, నాడ్2 అనే మరో జత కాపలా కాస్తుంది. వీటికి కణకవచం తాలూకు చిన్న ముక్కలు చాలు.

వీటిలో చాలావాటి నుంచి వచ్చే సంకేతం మైడీ88 అనే ప్రోటీన్ మీదుగా కేంద్రకం వరకు వెళ్లి, వాపు కలిగించే సైటోకైన్లను (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లను) తయారు చేయిస్తుంది. తర్వాత వచ్చే టి-కణాలు, యాంటీబాడీలు ఎటు నడవాలో నిర్ణయమయ్యేది కూడా ఇక్కడే.

"టోల్" అన్న పేరు ఎలా వచ్చింది? చిట్టెలుకకు ఇందులో పాత్ర ఏమిటి?

పేరు ఈగ నుంచి, కథ ఎలుక నుంచి. పండ్ల ఈగల పిండాలపై పనిచేస్తున్న క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ ఒక వింత పిండాన్ని చూసి జర్మన్‌లో "టోల్" అని ఆశ్చర్యపోయారు. మన "భలే" లాంటి మాట. అదే జన్యువు పేరైంది. ఆ జన్యువు లేని పెద్ద ఈగ బూజు పట్టి చచ్చిపోతుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. మరుసటి ఏడాది మనుషుల్లోనూ అలాంటిదే ఉందని మెద్జితోవ్, జేన్‌వే అనే శాస్త్రవేత్తలు చెప్పారు.

అది దేన్ని పట్టుకుంటుందో తేల్చింది సీ3హెచ్/హెచ్ఈజే అనే చిట్టెలుక వంశం. ఎండోటాక్సిన్ ఎంత ఎక్కించినా వీటికి చీమ కుట్టినట్టైనా ఉండదని 1960లలోనే తెలుసు. కారణమే తెలియదు. బ్రూస్ బాయ్ట్లర్ బృందం ఏళ్ల తరబడి ఆ జన్యువు కోసం వెతికి, 1998లో టీఎల్ఆర్4లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందని కనిపెట్టింది. 712వ స్థానంలో ప్రోలీన్ బదులు హిస్టిడీన్ ఉంది. 2011లో బాయ్ట్లర్, హాఫ్‌మన్‌లకు, క్రిమి ముక్కలను టి-కణాలకు చూపించే డెండ్రైటిక్ కణాలను కనిపెట్టిన రాల్ఫ్ స్టైన్‌మన్‌తో కలిపి నోబెల్ ప్రకటించారు. స్టైన్‌మన్ అప్పటికి మూడు రోజుల ముందే చనిపోయారని కమిటీకి తెలియదు.

ఆ ఎలుక వంశం ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఉంది. టీకా పనితీరు టీఎల్ఆర్4 మీద ఆధారపడుతుందా అన్న అనుమానం వస్తే మొదట తెప్పించుకునేది దాన్నే.

పేగు నిండా ఎప్పుడూ బ్యాక్టీరియానే కదా, ఇంకొంచెం టీకా వేస్తే ఒంటికి తేడా ఎలా తెలుస్తుంది?

ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న.

పేగు లోపలి గోడ ప్రతి బ్యాక్టీరియాకూ ఉలిక్కిపడితే మనం రెండు రోజులు బతకం. అందుకని గ్రాహకాల అమరికలోనే ఒక ఉపాయం ఉంది. ఉదాహరణకు టీఎల్ఆర్5 పేగు కణానికి ఆహారం పారే వైపు కాకుండా ఎక్కువగా అడుగు వైపున ఉంటుంది. ఫ్లాజెల్లిన్ ఆ వైపున కనిపించిందంటే ఎవరో గోడ దాటారని అర్థం. టీఎల్ఆర్9 విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. అది పైవైపు నుంచి ప్రేరేపితమైతే కణం శాంతిస్తుంది, అడుగు వైపు నుంచైతే వాపు మొదలవుతుంది. ఒకే గ్రాహకం, ఒకే తాళంచెవి. తలుపు ఏ వైపు నుంచి తీశారన్నదే తేడా.

పుట్టిన మొదటి గంటల్లో కూడా ఇలాంటి సర్దుబాటే జరుగుతుంది. మామూలు ప్రసవంలో పుట్టిన చిట్టెలుక పిల్ల పుడుతూనే తల్లి నుంచి ఎండోటాక్సిన్ మింగుతుంది. దాని పేగు కణాలు ఒకసారి ఉలిక్కిపడి, ఆ తర్వాత అలవాటుపడిపోతాయి. కోత ద్వారా బయటకు తీసిన పిల్లల్లో ఈ మార్పు కనిపించలేదని 2006లో జర్మనీ పరిశోధకులు చూపారు.

మరి టీకా లోపలికి ఎలా చేరుతుంది? చిన్నపేగులో పేయర్ గుంపులు అనే లింఫ్ కణజాలం ఉంటుంది. వాటిపై ఎం కణాలు అనే ప్రత్యేక కణాలు కిటికీల్లా పనిచేస్తాయి. పేగులో ఉన్నదాన్ని అవి చిటికెడు చిటికెడుగా తీసుకుని కిందనున్న డెండ్రైటిక్ కణాలకు అందిస్తాయి. ఎం కణాలపై ఉండే జీపీ2 అనే ప్రోటీన్ కొన్ని బ్యాక్టీరియాల ఒంటిపై నూలుపోగుల్లా ఉండే భాగాల చివరనున్న ఫిమ్‌హెచ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. కాబట్టి ఆ పోగు ఉన్న బ్యాక్టీరియా తేలికగా లోపలికి వెళ్తుంది, లేనిది బయటే తిరుగుతుంది. టీకా తయారీలో వేడి, రసాయనాలు ఎలా వాడారన్నది ఇక్కడే లెక్కకు వస్తుంది. పోగులు చితికిపోతే కిటికీ తెరుచుకోదు.

పొడి చేసిన ముక్కలకైతే ఈ చిక్కు తక్కువ. బ్యాక్టీరియా ఇప్పటికే విరిగి ఉంది కాబట్టి నాడ్2 కోరుకునే ముక్కలు, టీఎల్ఆర్2 కోరుకునే లైపోప్రోటీన్లు అన్నీ ఒకేసారి దొరుకుతాయి. ఏ ఒక్క గ్రాహకానికి ఎంత పేరు ఇవ్వాలో తేల్చలేని చిక్కు కూడా ఇందువల్లనే వస్తుంది.

అయితే ఈ టీకాలు గ్రాహకాలను పెంచుతాయా, తగ్గిస్తాయా?

రెండూ. మొదట్లో చెప్పిన "పెంచింది" అన్న మాటను ఇక్కడ విప్పి చూడాలి.

చాలా పరిశోధనల్లో కొలిచేది ఆర్ఎన్ఏ. టీఎల్ఆర్2 ఆర్ఎన్ఏ రెట్టింపైందంటే కణం ఆ గ్రాహకాన్ని తయారుచేసే ఆదేశాలు ఎక్కువ రాసుకుందని అర్థం. ప్రోటీన్ అంతే పెరిగిందని కాదు, అది కణం పైకి చేరిందనీ కాదు. టీఎల్ఆర్4నే తీసుకోండి. ఎండోటాక్సిన్ తగలగానే అది కణం లోపలికి వెళ్లిపోయి, అక్కడి నుంచి వేరే సంకేతం పంపుతుంది. ఆ సమయంలో పైపొరపై కొలిస్తే తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి అది పనిలో ఉంది.

రెండో అర్థం: కణాల సంఖ్య మారడం. ప్లీహంలో టీఎల్ఆర్4 ఉన్న కణాలు ఎక్కువయ్యాయని ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి లెక్కపెట్టే పద్ధతిలో) తేలిందనుకుందాం. ఒక్కో కణం గ్రాహకాలను పెంచుకుని ఉండవచ్చు, లేదా ఆ గ్రాహకాలు ముందే ఉన్న కణాలు ఎముక మజ్జ నుంచి కొత్తగా వచ్చి చేరి ఉండవచ్చు. ఊళ్లో గొడుగులు ఎక్కువ కనిపిస్తే గొడుగులు కొన్నారో, వేరే ఊరి నుంచి గొడుగులవాళ్లు వచ్చారో చూడాలి కదా. ఒక్కో కణంపై ఎంత ఉందో విడిగా చూపని పత్రాన్ని నేను అనుమానంతోనే చదువుతాను.

మూడోది సమయం. ఒకసారి ఇస్తే మొదటి గంటల్లో ఉలికిపాటు, ఆ తర్వాత నిబ్బరం. మళ్లీ మళ్లీ ఇస్తే ఎండోటాక్సిన్ సహనం ఏర్పడవచ్చు. అంటే గ్రాహకం ఉన్నా, ఐరాక్-ఎం అనే ప్రోటీన్ లాంటి అడ్డుపుల్లలు సంకేతాన్ని ఆపేస్తాయి. కాబట్టి గ్రాహకం పెరిగినా స్పందన తగ్గడం సాధ్యమే. ఆ తగ్గడం చెడ్డదా? ఆస్తమా ఉన్న ఎలుకకు అది మేలు. సాల్మొనెల్లా క్రిమి ఎదురైన ఎలుకకు అది కీడు కావచ్చు.

గ్రాహకం అవసరమని రుజువు చేయడం ఎలా?

కొలవడం రుజువు కాదు, తీసేసి చూడటమే రుజువు. ఆ జన్యువును తొలగించిన ఎలుకలకు అదే టీకా ఇచ్చి, అదే క్రిమిని ఎక్కించాలి. రక్షణ పోతే ఆ గ్రాహకం పనిచేసినట్టు.

ఓఎం-85తో 2011లో జరిగిన ఒక పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. నోటి ద్వారా ఇచ్చిన ఆ పొడి ఎలుకల్లో అలర్జీ వల్ల కలిగే శ్వాసనాళ వాపును తగ్గించింది. పేగు దగ్గర మొదలైన ప్రభావం వాపును అదుపు చేసే నియంత్రక టి-కణాల రూపంలో శ్వాసనాళం వరకు చేరింది. ఆ ప్రభావంలో కొంత మైడీ88 మీద ఆధారపడి ఉంది. పేగుకూ ఊపిరితిత్తికీ సంబంధం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఒక శ్లేష్మపు పొర దగ్గర తయారైన లింఫ్ కణాలు మరో శ్లేష్మపు పొరకు ప్రయాణించడం రోగనిరోధక శాస్త్రంలో పాత విషయమే.

ఒక జాగ్రత్త అవసరం. మైడీ88ను టీఎల్ఆర్‌లతో పాటు ఐఎల్-1, ఐఎల్-18 అనే సైటోకైన్ల గ్రాహకాలు కూడా వాడుకుంటాయి. అందువల్ల మైడీ88 లేని ఎలుకలో టీకా పనిచేయకపోతే నేరం టీఎల్ఆర్‌దేనని చెప్పలేం. మరోవైపు టీఎల్ఆర్3కి అసలు మైడీ88తో పని లేదు.

ఏ వంశం చిట్టెలుకను వాడారన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ప్రపంచంలో ఎక్కువగా వాడే సీ57బీఎల్/6 నల్ల చిట్టెలుకకు, కణం లోపల చేరిన క్రిములను అదుపు చేసే ఎన్‌రాంప్1 అనే జన్యువులో లోపం ఉంది. అందువల్ల సాల్మొనెల్లా టైఫిమ్యూరియం దాన్ని తేలిగ్గా చంపేస్తుంది. ఆ ఎలుకలో టీకా విఫలమైతే టీకా చెడ్డదనాలా, ఎలుక బలహీనమనాలా?

ఎలుక ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి. 2009లో తేలిన విషయం: ఒకే వంశం ఎలుకలైనా అమెరికాలోని ఒక సరఫరాదారు నుంచి వచ్చినవాటి పేగులో ఒక రకం పోగులాంటి బ్యాక్టీరియా ఉంది, మరొకరి దగ్గర నుంచి వచ్చినవాటిలో లేదు. ఆ ఒక్క తేడాతోనే టి-కణాల స్వభావం మారిపోయింది. నోటి టీకా పరిశోధనలో పేగు బ్యాక్టీరియాను పట్టించుకోకపోతే పునాది చూడకుండా గోడ కట్టినట్టే.

ఇక ఎవరూ పత్రాల్లో పెద్దగా రాయని విషయం ఒకటుంది: చిట్టెలుకలు తమ పెంటికలు, తోటి ఎలుకల పెంటికలు తింటాయి. బతికున్న టీకా ఇచ్చినవాటిని, ఇవ్వనివాటిని ఒకే పంజరంలో ఉంచితే రెండో గుంపుకు కూడా ఉచితంగా టీకా అందుతుంది. మొత్తం గుంపును ఒకే పంజరంలో ఉంచినా చిక్కే, అప్పుడు చూస్తున్నది టీకా తేడానో పంజరం తేడానో చెప్పలేం. ఒక్కో గుంపును మూడు నాలుగు పంజరాలుగా విడగొట్టడమే దారి.

మందు ఎలా పోస్తారు?

మొన గుండ్రంగా ఉన్న సన్నని గొట్టంతో నేరుగా కడుపులోకి. పాతిక గ్రాముల ఎలుకకు సాధారణంగా 0.2 మిల్లీలీటర్లు. ఆమ్లం బ్యాక్టీరియాను చంపకుండా ముందుగానో, కలిపో సోడియం బైకార్బనేట్ ఇస్తారు. చేయి తిరగనివారు చేస్తే ఎలుక పడే ఒత్తిడే గ్రాహకాల లెక్కలను మార్చేస్తుంది. అందుకే నియంత్రణ గుంపుకు కూడా గొట్టం వేసి ఉప్పునీరో, బైకార్బనేటో పోయాలి, ఊరికే వదిలేయకూడదు. మన దేశంలో ఇలాంటి ప్రయోగానికి సంస్థాగత జంతు నీతి కమిటీ అనుమతి తప్పనిసరి.

ఎలుకలో పనిచేసింది మనిషిలోనూ పనిచేస్తుందా?

కొన్ని తేడాలు ముందు చూడండి. చిట్టెలుకల్లో టీఎల్ఆర్11, 12, 13 పనిచేస్తాయి, మనలో పనిచేయవు. మనలో ఉన్న టీఎల్ఆర్10 వాటిలో చెడిపోయింది. బ్యాక్టీరియా రైబోజోమ్ ఆర్ఎన్ఏను పట్టుకునే టీఎల్ఆర్13 ఎలుకల సొత్తు. కాబట్టి బ్యాక్టీరియా ముక్కల పొడి ఎలుకలో మోగించే గంటల్లో కనీసం ఒకటి మన ఒంట్లో లేనే లేదు. ఫ్లాజెల్లిన్ లాంటి బ్యాక్టీరియా ప్రోటీన్లను కణం లోపల పట్టుకునే నైప్ ప్రోటీన్లు వాటికి అనేకం, మనకు ఒక్కటే.

టీఎల్ఆర్4 ఇద్దరికీ ఉన్నా అభిరుచులు వేరు. ఎండోటాక్సిన్ అణువుకు ఆరు కొవ్వు తోకలుంటే రెండు జాతుల గ్రాహకాలూ గట్టిగా స్పందిస్తాయి. తోకలు నాలుగైతే ఎలుక గ్రాహకం ఉత్తేజితమవుతుంది, మనిషి గ్రాహకం మూతపడుతుంది. ఒకరికి మందు గుండు, ఇంకొకరికి తడిసిన టపాకాయ.

మోతాదు కూడా అంతే. కిలో బరువుకు 2 నుంచి 4 నానోగ్రాముల ఎండోటాక్సిన్ రక్తంలోకి ఎక్కిస్తే ఆరోగ్యవంతుడైన స్వచ్ఛంద సేవకుడికి చలిజ్వరం వస్తుంది. చిట్టెలుక ప్రాణం తీయాలంటే లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటుంది. జ్వరాన్ని చావుతో పోల్చడం సరి కాదు గానీ, అంతరం ఎంతో అర్థం కావడానికి చెప్పాను.

ఇంకా మొండి ఇబ్బంది ఏమిటంటే, టైఫాయిడ్ క్రిమి మామూలు చిట్టెలుకలో పెరగదు. పెద్ద చిట్టెలుక పేగులో కలరా క్రిమి స్థిరపడదు, అందుకే పాలు తాగే పిల్లలనో, యాంటీబయాటిక్ ఇచ్చి పేగు ఖాళీ చేసిన ఎలుకలనో వాడతారు. బతుకంతా శుభ్రమైన పంజరంలో గడిపిన ఎలుక రోగనిరోధక వ్యవస్థ పెద్దవాళ్లది కాదు, నవజాత శిశువుదానిలా ఉంటుందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. పెంపుడు జంతువుల దుకాణంలోని ఎలుకలతో కలిపి ఉంచగానే అది పెద్దల తరహాకు దగ్గరైంది.

"శిక్షణ పొందిన రోగనిరోధకత" అంటే ఇదేనా?

బంధువే, అదే కాదు. క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు, వాటిని పుట్టించే మజ్జ కణాలు ఒకసారి ప్రేరేపితమయ్యాక వాటి డీఎన్ఏ చుట్టలపై రసాయన గుర్తులు మిగిలిపోతాయి. తర్వాత వేరే క్రిమి వచ్చినా వేగంగా స్పందిస్తాయి. క్షయకు వేసే బీసీజీ టీకాతో ఇది స్పష్టంగా తెలిసింది, అక్కడ ముఖ్యమైన గ్రాహకం నాడ్2. ఇప్పుడు చేతికి వేసే బీసీజీని 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక శిశువుకు ఇచ్చింది నోటి ద్వారానే. 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో ప్రాణాంతక క్షయ క్రిమి కలిసిపోయిన బీసీజీని నోటి ద్వారా ఇవ్వడంతో 70 మందికి పైగా శిశువులు చనిపోయారు. తప్పు టీకాది కాదు, దాన్ని తయారుచేసిన ప్రయోగశాలది. నోటి టీకాల చరిత్ర చెప్పేటప్పుడు ఈ పుటను తిప్పేయకూడదని నా పట్టుదల.

గ్రాహకం పెరగడాన్ని శిక్షణగా పొరబడవద్దు. శిక్షణ అని చెప్పాలంటే టీకా ఆపి వారాలు గడిచాక, సంబంధం లేని మరో క్రిమితో పరీక్షించాలి.

పెరుగు తిన్నా ఇదే జరుగుతుందా?

పెరుగులోని లాక్టిక్ బ్యాక్టీరియాలో ఎండోటాక్సిన్ ఉండదు, కాబట్టి టీఎల్ఆర్4 సంగతి పక్కన పెట్టండి. టీఎల్ఆర్2, నాడ్2లను తాకే ముక్కలు ఉంటాయి. కానీ తోడు మారితే బ్యాక్టీరియా మారుతుంది, మోతాదుకు లెక్క లేదు. పెరుగు మంచి ఆహారం. దాన్ని టీకా అని పిలిచే ప్రకటనలను నమ్మకండి.

మా అబ్బాయికి తరచూ జలుబు. ఈ పొడి మందు ఇవ్వవచ్చా?

పిల్లల వైద్యుడిని అడగండి, ఎలుకల పత్రాలను కాదు. ఐరోపా మందుల సంస్థ 2019లో ఒక హద్దు గీసింది: ఇలాంటి పొడులను మాటిమాటికీ వచ్చే శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల నివారణకే వాడాలి, ఉన్న ఇన్ఫెక్షన్‌ను తగ్గించడానికి కాదు, న్యుమోనియా నివారణకూ కాదు.

రొయ్యల మేతలో కలిపే "టీకాలు" కూడా ఇలాగే పనిచేస్తాయా?

కోస్తా ఆక్వా రైతులు అడిగే ప్రశ్న ఇది. రొయ్యకు యాంటీబాడీలు లేవు, టి-కణాలు లేవు. ఉన్నదంతా సహజ రోగనిరోధకతే. టోల్ తరహా గ్రాహకాలు దానికీ ఉన్నాయి. కాబట్టి రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాను చంపి మేతలో కలిపితే రొయ్య ఒంట్లో కదలిక రావచ్చు. చిట్టెలుకలో అయితే ఆ కదలిక తర్వాత యాంటీబాడీల అంకం మొదలవుతుంది, రొయ్యలో ఆ అంకం లేదు. డబ్బా మీద టీకా అని రాసి ఉంటే, క్రిమి ఎక్కించాక ఎన్ని రొయ్యలు బతికాయో, టీకా ఆపిన ఎన్ని రోజులకు పరీక్షించారో అమ్మేవారిని అడగండి.